మొహం మీద చెప్పే మాట

మధ్యాహ్నం భోజనాల వేళ పాప ఫోనుకి మేనేజరు దగ్గర్నించి సందేశం వచ్చింది. ఆయన గది అద్దం తలుపు అవతలే ఉంది. తల తిప్పితే మనిషి కనిపిస్తాడు. అయినా లేచి రాలేదు.

"మాస్టారి అకౌంట్లన్నీ ఇప్పుడే మూసెయ్. మెయిలు, సర్వర్లు, గేటు కార్డు, ఏదీ మిగలకూడదు. ఆయనకి ముందుగా తెలియనివ్వకు. తర్వాత నేను పిలిచి మాట్లాడతాను."

నోటిదాకా వెళ్ళిన చెంచా అక్కడే ఆగిపోయింది.

ఇరవై నాలుగేళ్ళొచ్చినా ఇంట్లో ఆమె పాపే. ఉద్యోగంలో చేరిన కొత్తలో వాళ్ళమ్మ ఆఫీసుకి ఫోను చేసి "మా పాప ఉందాండీ?" అని అడిగిందట. ఫోనెత్తిన మాస్టారు "పాపలెవరూ లేరమ్మా, ఇది సరుకు రవాణా కంపెనీ" అన్నారట. ఆ రోజు నించి అక్కడా అదే పేరు అంటుకుపోయింది. మాస్టారు కూడా బడిలో పాఠాలు చెప్పిన మనిషేం కాదు. కంప్యూటర్ల విభాగంలో అందరికంటే పాతవాడు. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ పని నేర్పి పంపడమే ఆయనకి పనైపోయింది కాబట్టి ఆ పేరు వచ్చింది.

ఈ మధ్య కంపెనీ సర్వర్లన్నీ ఎక్కడో దూరాన ఎవరిదో భవనంలోకి తరలిపోతున్నాయి. మాస్టారికి అది గిట్టలేదు. "నా డబ్బాలు నా కళ్ళెదుట ఉండాలి" అని ప్రతి మీటింగులోనూ వాదించేవారు. కొత్త పద్ధతిలో శిక్షణకి వెళ్ళమంటే ఏదో వంక పెట్టి తప్పించుకున్నారు. మేనేజరు ఆయన మీద విసుక్కోవడం అందరూ చూసిందే. ఆ విసుగులో కొంత న్యాయం ఉందని పాపకీ లోలోపల అనిపించేది. కానీ విసుక్కోవడం వేరు, ఇది వేరు.

ఆమె అన్నం డబ్బా మూత పెట్టి, చేతులు తుడుచుకుని, కీబోర్డు దగ్గరికి లాక్కుంది. మాస్టారి పేరు వెతికింది. మెయిలు ఆపింది. సర్వర్లకి వెళ్ళే దారులు ఒక్కొక్కటే మూసింది. చివర్న గేటు కార్డు. ప్రతిదానికీ సిస్టమ్ "ఖాయమేనా?" అని అడిగింది. ప్రతిదానికీ ఆమె అవునంది. అంత పెద్ద పని అంత తేలిగ్గా అయిపోవడం చూసి తనకే నమ్మబుద్ధి కాలేదు.

"పాపా!" వెనక నించి మాస్టారి గొంతు. "నన్ను బయటికి తోసేసిందమ్మా ఈ సిస్టమ్. పాస్‌వర్డు తీసుకోవడం లేదు. ఒకసారి చూడవా?"

పాప లేచింది. వెళ్ళింది. ఆయన మొహం చూడాల్సి వస్తుందని బల్ల కింద మోకాళ్ళ మీద కూర్చుంది. కంప్యూటరు వెనక నించి నెట్‌వర్కు కేబులు లాగి, కొసలో దుమ్ము ఊది, మళ్ళీ గుచ్చింది. క్లిక్కుమని శబ్దం వచ్చింది.

"వైరు కాస్త వదులైనట్టుంది మాస్టారూ," అంది బల్ల కింద నించే.

"అదే అయ్యుంటుంది! పొద్దున ఊడ్చేటప్పుడు కుర్చీ జరిపారు." ఆయన గొంతులో ఊరట. కుర్చీ ముందుకి లాక్కుని, ఈసారి ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టడం మొదలుపెట్టారు.

అద్దం తలుపు తెరుచుకుంది. "ఒకసారి ఇలా వస్తారా?" అన్నాడు మేనేజరు.

"ఒక్క నిమిషం సార్. ఇక్కడ వైరు సంగతి చూస్తున్నాం," అన్నారు మాస్టారు.

చూస్తున్నాం అన్నారు. ఇద్దర్నీ కలిపి. పాప బల్ల కింద నించి వెంటనే లేవలేకపోయింది.

ఆయన మళ్ళీ బయటికి వచ్చినప్పుడు పక్కన సెక్యూరిటీ గార్డు ఉన్నాడు. తన కుర్చీ దగ్గరికి రానివ్వలేదు. ఏసీ చలికి వేసుకునే బూడిద రంగు స్వెట్టరు కుర్చీకి తగిలించినట్టే ఉండిపోయింది. వెళ్ళేముందు ఆయన గదంతా ఒకసారి చూశారు. పాప తెరలో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకుంది.

*

ఇంటి ముందుగదే నాన్న దుకాణం. కుట్టుమిషను వీధి వైపు, అమ్మ పీట గోడ వైపు, మధ్యలో బట్టల గుట్ట. ఆ వారం బడిపిల్లల చొక్కాలు. నాన్న కాలర్లు తిప్పి అంచుకుట్టు వేస్తున్నాడు. అమ్మ కాజాలు కుడుతోంది.

ఆ సాయంత్రం పాప చెప్పులు విప్పి, గుమ్మంలోనే నిలబడి చెప్పింది. "శుక్రవారం మిలటరీ వాళ్ళ ఇంటర్వ్యూకి వెళ్తున్నాను."

మిషను ఆగింది. "రాతపరీక్ష ఏదో సరదాకి రాశానన్నావుగా?" అన్నాడు నాన్న.

"ఇప్పుడు సరదాకి కాదు. వాళ్ళ కంప్యూటర్ల విభాగంలో. నెట్‌వర్కులు, సమాచారం పంపే లైన్లు, అవన్నీ చూసే పని."

నాన్న కళ్ళజోడు నుదుటి మీదికి తోశాడు. మొహం వెలిగిపోయింది. "మన ఇంట్లోంచి మిలటరీ ఆఫీసరు!"

"ఆఫీసరు కాదు నాన్నా, టెక్నీషియను."

"ఏదైతేనేం, వేసుకునేది యూనిఫారమే కదా!" అంటూ సగం కుట్టిన కాలరు భుజాన వేసుకునే వీధి దాటి ఎదురుగా ఉన్న మంగలి షాపులోకి వెళ్ళాడు. ఆయన గొంతు ఇంట్లోకి వినపడుతూనే ఉంది. "మా పాప మిలటరీలో చేరుతోందండోయ్!"

"పాపా? అయితే తుపాకీతో పాటు పాలసీసా కూడా ఇస్తారేమో కనుక్కో," అన్నాడు మంగలి. షాపంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నాన్నే నవ్వాడు.

అమ్మ నవ్వలేదు. దారం పంటితో తెంపింది.

"ఆఫీసులో ఏం జరిగింది?"

"ఏం జరగలేదు."

"ఏం జరక్కుండానే మిలటరీ గుర్తొచ్చిందా?"

పాప బట్టల గుట్ట పక్కన కూలబడింది. కుట్టిన చొక్కాలు మడతపెట్టడం మొదలుపెట్టింది. చేతులకి పని దొరికితే నోటికి సెలవివ్వొచ్చు. రెండు చొక్కాలు మడిచాక, "కంప్యూటరు ముందు కూర్చునే పనేనమ్మా. తుపాకీ పట్టుకుని తిరిగేది కాదు," అంది.

"మీ మామయ్య కూడా ఇదే చెప్పి వెళ్ళాడు. రేడియో ముందు కూర్చునే పనే అక్కా అన్నాడు." అమ్మ సూదిలోకి దారం ఎక్కించడానికి దీపం వైపు తిరిగింది. దారం సూదిబెజ్జానికి అందలేదు. మళ్ళీ ప్రయత్నించింది. "వద్దు," అంది, ఆ సూదితోనే చెబుతున్నట్టు. "నాకిష్టం లేదు. ఇంక నీ ఇష్టం."

నాన్న హుషారుగా తిరిగొచ్చి మిషను ముందు కూర్చున్నాడు. "అవునే, కంటిపరీక్ష ముందా, ఇంటర్వ్యూ ముందా?"

"పొద్దున్నే కంటిపరీక్ష. అది అయ్యాకే ఇంటర్వ్యూ."

"అలాగా!" అన్నాడు. తృప్తిగా తలాడించి, ఈల వేస్తూ తొక్కుడు మొదలుపెట్టాడు.

*

మర్నాడు పొద్దున మేనేజరు తన గదిలోకి పిలిచి పాపని కూర్చోమన్నాడు. మామూలుగా ఎవర్నీ కూర్చోమనని మనిషి.

"నిన్న చాలా శుభ్రంగా చేశావు. గొడవ లేకుండా, ఎవరికీ తెలియకుండా. ఇలాంటి పనులు అందరి వల్లా కావు." టేబుల్ మీది పెన్ను సరిచేశాడు. "మాస్టారి స్థానం నీకే ఇద్దామనుకుంటున్నాను. సోమవారానికల్లా చెప్పు."

ఆ మెచ్చుకోలు విని పాపకి సిగ్గేసింది. అయినా తన చోటికి తిరిగొస్తూ, కిటికీ పక్కనున్న మాస్టారి కుర్చీ వైపు ఒక చూపు పడనే పడింది. అక్కడ కూర్చుంటే వెలుతురు బాగుంటుందని అనిపించింది. అలా అనిపించినందుకు రోజంతా తన మీద తనకే కోపం.

సాయంత్రం మామయ్య దగ్గరికి వెళ్ళింది. మామయ్య సైన్యంలో సమాచార విభాగంలో ఏళ్ళ తరబడి పనిచేసి వచ్చి, ఇప్పుడు డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నాడు. సైన్యం మాటెత్తితే వంటవాడి మీదో, గాడిద మీదో ఒక జోకు చెబుతాడు. అంతకంటే ఎక్కువ ఎవరూ ఆయన నోట వినలేదు.

"మీ నాన్న పొద్దున్నే ఫోను చేశాడు. కంటిపరీక్ష గురించి తెగ అడిగాడు," అన్నాడు కారు తాళాలు ఆమె చేతిలో పడేస్తూ. "ఎక్కు. తోలుతూ మాట్లాడు. ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు."

ఆ కారులో ఆయన కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు ఉంది. పాప బండి తీసి మెయిన్‌రోడ్డు ఎక్కించింది. మాస్టారి సంగతి చెప్పింది. బల్ల కింద దూరిన సంగతి తప్ప అంతా చెప్పింది.

"అందుకని సైన్యమా?" అన్నాడు మామయ్య.

"అక్కడ ఇలా వెనక నించి గొంతు కొయ్యరుగా."

"ఎందుకు కొయ్యరు? అక్కడా మనుషులే. అద్దం చూసుకో, వెనక లారీ." లారీ దాటిపోయేదాకా ఆగాడు. "మంచి చెప్పమంటావా, చెడ్డ చెప్పమంటావా?"

"రెండూ."

"మొదట్లో నీ జుట్టు కూడా నీది కాదు. అది మంచో చెడ్డో నువ్వే తేల్చుకో." నవ్వాడు గానీ ఈసారి జోకు అక్కడితో ఆగింది. "నేర్పుతారు. బయట ఎవరూ నేర్పనంత ఓపిగ్గా నేర్పుతారు. వానలో లైను పోతే నువ్వొక్కదానివే తడవవు, నలుగురూ తడుస్తారు. అలాంటి నలుగురు నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు."

"మరి చెడ్డ?"

ఆయన కిటికీ అద్దం కాస్త దించాడు. "మేం కొండ మీద కూర్చుని లైను నిలబెట్టేవాళ్ళం. అందులో ఏం పోతోందో మాకు తెలియదు. రొట్టెలు పంపించండి అని పోవచ్చు, పేల్చండి అని పోవచ్చు. రెండూ మా చేతుల మీదుగానే. నువ్వు తుపాకీ పట్టుకోలేదు కదా అని అందరూ అంటారు. నేనూ అనుకునేవాణ్ణి. తర్వాత అనుకోవడం మానేశాను."

పాప ఆయన వైపు తిరిగింది. బండి పక్కకి లాగింది. మామయ్య తన వైపు బ్రేకు మెత్తగా నొక్కాడు.

"రోడ్డు చూడు."

"అలాంటప్పుడు అన్నేళ్ళు ఎలా ఉన్నావు మామయ్యా?"

"దెబ్బలు తిన్నవాళ్ళని దించడానికి హెలికాప్టర్ పంపమని అడిగిందీ ఆ లైను మీదే కదా. లైను పోతే వాళ్ళు పోయేవాళ్ళు." చేత్తో మలుపు చూపించాడు. ఇండికేటరు టిక్కుటిక్కుమంటోంది. "వెళ్ళమనీ చెప్పను, వద్దనీ చెప్పను. ఒక్కటి చూసుకో. ఎవరి మీదో కోపంతో వెళ్తే, నాలుగు రోజులకి కోపం తగ్గుతుంది. పెట్టిన సంతకం తగ్గదు."

*

మాస్టారి స్వెట్టరు, దగ్గర చూపు కళ్ళజోడు, చిన్న స్క్రూడ్రైవర్ల పెట్టె ఒక సంచిలో సర్ది గురువారం భోజనం వేళ పాప వాళ్ళింటికి వెళ్ళింది. మెట్ల మీద రెండుసార్లు ఆగింది. సంచి తలుపు ముందు పెట్టి వచ్చేద్దామా అని కూడా అనుకుంది.

తలుపు తీసిన మాస్టారి చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది. వెనక బల్ల మీద చొక్కాల దొంతర. వారం మధ్యలో పగటిపూట ఇంట్లో ఏం చెయ్యాలో తోచని మనిషి, ఇంట్లో ఉన్న బట్టలన్నీ బయటికి లాగినట్టుంది.

రమ్మనలేదు. వద్దనలేదు. వెనక్కి వెళ్ళి చొక్కా చెయ్యి పరిచారు. పాప లోపలికి వచ్చి సంచి కుర్చీలో పెట్టింది.

"మాస్టారూ, ఆ రోజు మీ అకౌంట్లు మూసింది నేనే."

"తెలుసు. ఆ గదిలో ఆ పని ఇంకెవరికి చేతనవును? నేర్పింది నేనేగా." పెట్టె మీదికీ కిందికీ నడిచింది. ఆవిరి లేచింది. "మూసినందుకు నాకు నీ మీద కోపం లేదు. నీ ఉద్యోగం నీది. వాడు చెప్పాడు, నువ్వు చేశావు."

పాపకి ఊపిరి కాస్త అందింది.

"నువ్వు కేబులు చూశావు చూడు," అన్నారు మాస్టారు, "అది మింగుడు పడటం లేదు."

పాప చెయ్యి కుర్చీలోని సంచి మీదికి పోయింది.

"వైరు వదులైందన్నావు. నేను నమ్మాను. వాడు ఎదురుగా కూర్చోబెట్టి మీ సేవలు ఇక చాలండీ అంటుంటే, నేనేం ఆలోచిస్తున్నానో తెలుసా? వైరు సరిగ్గా గుచ్చిందా లేదా అని. నా బుర్రలో ఆ వైరే ఉంది. వాడన్న మాట రెండోసారి చెప్పించుకున్నాను. రెండోసారి చెబుతుంటే వాడి మొహం చూడాలి, మతిలేనివాడికి చెబుతున్నట్టు." గొంతు పెరిగింది. పెట్టె నిలబెట్టేశారు. "చేతకాకపోతే నోరు మూసుకుని నీ చోటే కూర్చోవాల్సింది. నాకే అర్థమయ్యేది. లేనిపోని ఆశ ఎందుకమ్మా పెట్టడం?"

"మిమ్మల్ని చూడలేక..."

"నన్ను చూడలేక కాదు. నా ముందు చెడ్డదానివి కాలేక."

గదిలో ఇస్త్రీ చేసిన బట్టల వాసన వెచ్చగా ఉంది. పాప కళ్ళు తుడుచుకోలేదు. తుడుచుకుంటే అదీ ఆయన జాలి కోసమే అవుతుందనిపించింది.

ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపి ఆయనే అడిగారు. "నా కుర్చీ నీకిస్తానన్నాడా?"

"అన్నారు."

"తీసుకుంటావా?"

ఇంకా ఆలోచించలేదని చెప్పబోయింది. నాలుక చివరిదాకా వచ్చింది. "తీసుకోవాలనే అనిపించింది మాస్టారూ. ఒక పూటంతా. కిటికీ పక్కన కదా, వెలుతురు బాగుంటుందని కూడా అనుకున్నాను. ఇప్పుడు వద్దనిపిస్తోంది. రేపు మిలటరీ ఇంటర్వ్యూ ఉంది, దానికి వెళ్తున్నాను."

మాస్టారు ఆమెని తేరిపార చూశారు. "మిలటరీ సంగతి నన్నడక్కు. ఇప్పుడు ఇంకొకరికి సలహా చెప్పే స్థితిలో లేను." మళ్ళీ చొక్కా అందుకున్నారు. ఒక మడత వేశాక, "ఆ కంప్యూటర్లో మా అమ్మ చివరి రోజుల్లో తీసిన ఫొటోలున్నాయి. ఎక్కడికీ ఎక్కించుకోలేదు. వాణ్ణి అడిగితే ఇస్తాడంటావా?"

"తెలియదు. అడిగి చెప్తాను."

"ఇస్తాడులే అనకుండా తెలియదన్నావు. మంచిది," అన్నారాయన. ఆ మాటలో ఎత్తిపొడుపూ ఉంది, ఇంకేదో కూడా ఉంది.

ఆఫీసుకి తిరిగి రాగానే పాప తిన్నగా అద్దం తలుపు తోసింది. మాస్టారి కుర్చీ తనకి వద్దంది. తర్వాత ఫొటోల సంగతి అడిగింది. పోట్లాట తప్పదని దారంతా మాటలు కూడగట్టుకుంటూ వచ్చింది.

"దానికేముంది, ఆయన సొంతవి కదా. కాపీ చేసి ఇచ్చెయ్," అన్నాడు మేనేజరు, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

అంతే. పాప తలుపు బయట చాలాసేపు నిలబడింది. అడిగితే ఇస్తాడన్నమాట. ఆ రోజు మధ్యాహ్నం లేచి ఈ తలుపు తోసి, ముందు ఆయనకి చెప్పండి, చెప్పాక మూస్తానని అడిగి ఉంటే? ఒప్పుకునేవాడేమో. ఒప్పుకునేవాడు కాదేమో. అడగలేదు కాబట్టి ఆ సంగతి ఇంక ఎప్పటికీ తేలదు.

*

కంటి డాక్టరు పాప కళ్ళజోడు విప్పించి గోడ మీది అక్షరాలు చదివించాడు. మళ్ళీ పెట్టించి చదివించాడు. రంగుచుక్కల పుస్తకం తిరగేయించాడు. "టెక్నికల్ విభాగానికి ఈ చూపు చాలు," అని ముద్ర కొట్టాడు.

ఇంటర్వ్యూ గదిలో పొడవాటి బల్ల, అవతల ముగ్గురు. మధ్యలో కూర్చున్నావిడ కెప్టెన్. జుట్టు బిగించి ముడి వేసింది. మొహంలో కటువు లేదు, చనువూ లేదు. మొదట పక్కనున్న నెరిసిన మీసాలాయన నెట్‌వర్కుల గురించి అడిగాడు. రెండు స్థావరాల మధ్య లైను పోతే మొదట ఏం చూస్తారు, తర్వాత ఏం చూస్తారు అని. అక్కడ పాప తడబడలేదు. ఒకచోట మాత్రం తెలియదంది. ఆయన తలాడించి వదిలేశాడు.

"ఉద్యోగం ఉంది కదా మీకు. ఇక్కడికి ఎందుకు?" అని అడిగింది కెప్టెన్.

దేశసేవ అనే మాట సిద్ధం చేసుకునే వచ్చింది. కానీ నోరు తెరిచేసరికి మాస్టారి సంగతి వచ్చింది. ఈసారి బల్ల కింద దూరిన సంగతి కూడా దాచలేదు.

ముగ్గురూ విన్నారు. నెరిసిన మీసాలాయన పెన్ను కింద పెట్టాడు.

"ఇక్కడా కారణం చెప్పకుండా పని చెప్పే రోజులుంటాయి," అంది కెప్టెన్. "మీ మేనేజరుకీ మాకూ తేడా ఏమిటనుకుంటున్నారు?"

"తెలియదు మేడమ్. తెలుసుకుందామనే వచ్చాను."

"ఒక తేడా నేను చెప్తాను. అక్కడ నచ్చకపోతే మానెయ్యొచ్చు. ఇక్కడ సంతకం పెట్టాక గడువు తీరేదాకా మానెయ్యలేరు. ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్ళాలి. ఇంట్లో ఎవరికైనా బాగాలేకపోయినా వెంటనే సెలవు దొరక్కపోవచ్చు. కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళకి యుద్ధంలో ఏమీ కాదని మీకెవరైనా చెప్పి ఉంటే, అది అబద్ధం. ఎదుటివాడు మొదట గురిపెట్టేది సమాచారం నడిపే గదుల్నే." ఆవిడ గొంతు ఎక్కడా పెరగలేదు. బస్సు వేళలు చెబుతున్నట్టు చెప్పింది. "ఇవన్నీ సంతకానికి ముందే చెప్పడం నా డ్యూటీ. పెట్టాక చెబితే మోసం."

భయం వేయాల్సిన చోట పాపకి గుండె నెమ్మదించింది. ఇంత చెడ్డ మాట ఇంత తిన్నగా తన మొహం మీద ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

"ఇప్పుడు చెప్పండి. ఆ రోజు మళ్ళీ వస్తే ఆ అకౌంట్లు మూస్తారా?"

"ముందు ఆయనకి చెప్పమని మేనేజరుని అడుగుతాను. చెప్పాక మూస్తానంటాను."

"ఒప్పుకోకపోతే?"

"అప్పుడేం చేస్తానో ఇక్కడ కూర్చుని గొప్పగా చెప్పలేను మేడమ్. కానీ ఆయన అడిగితే మాత్రం అబద్ధం చెప్పను."

కెప్టెన్ పక్కవాళ్ళ వైపు చూసింది. "బయట కూర్చోండి," అంది.

పొద్దు వాలే వేళకి గుమాస్తా ఒకతను వచ్చి ఎంపికైనవాళ్ళ పేర్లు గట్టిగా చదివాడు. వాటిలో పాప అసలు పేరు ఉంది. చాలా రోజులుగా ఎవరూ ఆ పేరుతో పిలవకపోవడం వల్ల, తననేనని తెలియడానికి ఒక క్షణం పట్టింది.

*

ఇంటికొచ్చేసరికి నాన్న కాలర్ల పని ముగించి చొక్కాలకి చేతులు అతికిస్తున్నాడు. అమ్మ ఒళ్ళో గుండీల డబ్బా.

"ఏమైంది?" అన్నాడు నాన్న నవ్వుతూ. "కంటిపరీక్షలోనే వెనక్కి పంపించేశారా? పోనీలే, దానికేం బెంగ!"

"కంటిపరీక్ష అయింది నాన్నా. ఇంటర్వ్యూ కూడా అయింది. తీసుకున్నారు."

నాన్న కాలు తొక్కుడు మీద ఆగలేదు. మిషను నడుస్తూనే ఉంది. సూది గుడ్డ మీద వంకరగా పరిగెత్తి అంచు దాటిపోయింది. అప్పుడు ఆగాడు.

"తీసుకున్నారా?" అన్నాడు. "కళ్ళజోడుతోనా?"

"మా విభాగానికి ఈ చూపు చాలట."

ఆయన మొహంలో నవ్వు ఎక్కడికి పోవాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉండి, తర్వాత జారిపోయింది. "నీ కళ్ళకి ఎవరిస్తారులే అనుకున్నాను," అన్నాడు మెల్లిగా. "చిన్నప్పటి నించీ జోడు లేందే గుమ్మం కనపడదు కదా నీకు."

పాప తెల్లబోయి అమ్మ వైపు చూసింది.

అమ్మ గుండీలు ఏరుతూ, తలెత్తకుండా అంది. "మీ నాన్న నువ్వు వెళ్ళవనే ధీమాతో వీధంతా చాటాడు. నువ్వు వెళ్తావని నాకు ఆ రోజు గుమ్మంలో నిలబడ్డప్పుడే తెలిసింది. అందుకే వద్దన్నాను."

"ఇంకా సంతకం పెట్టలేదుగా?" నాన్న గొంతులో ఒక్కసారిగా తొందర. "ఆలోచించుకోవడానికి వ్యవధి ఇచ్చే ఉంటారు. చూద్దాంలే అను. ఈలోగా ఆఫీసులో ఏదో ఒకటి కుదరకపోదు. ఏమంటావు? చూద్దాం కదా?"

ఒక్క మాట. చూద్దాం నాన్నా అంటే చాలు. ఆయన ఇవాళ హాయిగా అన్నం తింటాడు. రేపు మంగలి షాపులో మళ్ళీ నవ్వుతాడు. ఒక వారం రోజులు ఇంట్లో అందరూ మామూలుగా ఉంటారు. ఆ మాట పాప నోటిదాకా వచ్చింది. ఎంత తేలికైన మాటో, ఎంత దయగా ఉంటుందో అనుకుంది. నాన్న కళ్ళు ఆ మాట కోసమే ఆమె పెదాల మీద ఉన్నాయి.

ఆమె వెళ్ళి మిషను పక్కన నేల మీద కూర్చుంది. తల ఎత్తి ఆయన మొహంలోకి చూసింది.

"లేదు నాన్నా. వెళ్తున్నాను. సోమవారం సంతకం పెడతాను."

నాన్న మిషను పాదం ఎత్తి, వంకరపోయిన చెయ్యి బయటికి తీశాడు. కుట్టు విప్పడానికి కత్తెర కోసం తడుముకున్నాడు. అమ్మ చిన్న కత్తెర అందించింది. ఒక్కో కుట్టూ కత్తిరిస్తుంటే తెల్లని దారపు ముక్కలు ఆయన పంచె మీద రాలాయి.

కుట్టు మీంచి చూపు తీయకుండానే అడిగాడు.

"యుద్ధం వస్తే?"

ఇన్ని రోజుల్లో ఇంట్లో ఎవరూ ఎత్తని మాట. అమ్మ చేతిలో గుండీల చప్పుడు ఆగిపోయింది.

"వస్తే నేను అక్కడే ఉండాలి నాన్నా," అంది పాప. "ఇంటికి రాలేను. ఏమీ కాదని కూడా చెప్పలేను."

కత్తెర ఆగింది. ఆయన రాలిన దారాలు పంచె మీంచి దులిపాడు. తర్వాత మెల్లిగా తలాడించాడు. ఆ తలాడింపులో ఒప్పుకోలు లేదు. విన్నానని మాత్రం ఉంది.

చొక్కా చెయ్యి రెండో కొస ఆమెకి అందించాడు. "గట్టిగా పట్టుకో," అన్నాడు. "నువ్వు ఇలా లాగి పట్టుకుంటే కుట్లు బాగా కనపడతాయి."

పాప పట్టుకుంది. ఆయన వంగి, తర్వాతి కుట్టు కోసం వెతికాడు.